హుద్‌హుద్ మిగిల్చిన మాటలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ దగ్గరే తీరం దాటింది. మర్నాడు మా ద్వారకా నగర్‌లో ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. అన్నిటికీ కలిపి ‘డ్యామేజ్’ అనేస్తాం కదా? ఇంగ్లీష్‌లో దేని మాట దానిదే.

డ్యామేజ్ అంటే దెబ్బతింది, బాగుచేసుకోవచ్చు. డిస్ట్రాయ్ అయిందంటే ఇక లేనట్టే. విరిగిన కొమ్మలు, రేకులు, గాజుముక్కలు అన్నీ కలిసిన చెత్త డెబ్రీ. స్పెల్లింగ్ చివర ఎస్ ఉన్నా పలకం. కూలిన గోడల ఇటుకలు, రాళ్లు రబుల్. నుజ్జయిన బండో, పడవో అయితే రెకేజ్. ఇందులో మొదటి డబ్ల్యూ పలకం. రూయిన్స్ అంటే ఎక్కువగా పాత కట్టడాల శిథిలాలు, మన తొట్లకొండ, బావికొండల్లో ఉన్నట్టు.

ఇదంతా పరీక్షల కోసమే అనుకోకండి. తుపాను తర్వాత ఇళ్ల నష్టాన్ని సర్కారు ‘ఫుల్లీ డ్యామేజ్డ్’, ‘పార్షియల్లీ డ్యామేజ్డ్’ అని విడదీసి రాస్తుంది. ముందు ‘ఫుల్లీ’ చేరితే డ్యామేజ్ కూడా డిస్ట్రాయ్‌తో సమానమే. సాయం ఎంతన్నది ఆ మాటను బట్టే. అమ్మానాన్నలకు ఇంగ్లీష్ రాకపోతే, మీ ఇంటికి ఏ మాట రాశారో మీరే చదివి చెప్పండి.