గోలీల కంటే ముందు ఆకుకూర

వయసు మళ్లినవారికి చూపు మందగిస్తే మన ఇళ్లలో చత్వారమనో, శుక్లమనో అని సరిపెట్టుకుంటారు. శుక్లమైతే ఆపరేషన్‌తో పోతుంది. కాని కంటి లోపలి రెటీనాకు నడిబొడ్డున ఉండే మాక్యులా దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. నడవడానికి ఇబ్బంది ఉండదు. ఎదుటి మనిషి ముఖం, బస్సు నెంబరు, పింఛను కాగితం మీది అక్షరాలే కనిపించవు.

కంటి విటమిన్లంటూ అమ్మే గోలీలను పరీక్ష లేకుండానే పింఛను డబ్బుతో కొనేవారున్నారు. ఇది దండగ ఖర్చు. అమెరికా జాతీయ నేత్ర సంస్థ 2001లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, జబ్బు మధ్యదశలో ఉన్నవారిలో అది ముదిరే అవకాశాన్ని ఈ మందులు అయిదేళ్లలో సుమారు నాలుగో వంతు తగ్గించాయి. జబ్బు లేనివారికి, తొలిదశవారికి ప్రయోజనం కనిపించలేదు. పైగా అందులోని బీటా కెరోటిన్‌తో పొగతాగేవారికి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పుందని తేలింది. 2013 నాటి పరీక్ష తర్వాత దాని బదులు లూటిన్, జియాజాంథిన్ వాడమన్నారు. చుట్ట, బీడీ తాగే పెద్దలు డబ్బా మీద ఏముందో అడిగి తెలుసుకోవాలి. అసలు ఆ చుట్టే ఈ జబ్బుకు పెద్ద తోడు.

ఆ లూటిన్ మనకు కొత్తది కాదు. పాలకూర, తోటకూర, మెంతికూర, మునగాకు, మక్కజొన్న, గుడ్డు పచ్చసొన, వీటన్నిటిలో ఉంది. కొంచెం నూనె వేసి వండితే ఒంటికి బాగా పడుతుంది. పోయిన చూపు రాదుగాని, ఉన్నది నిలవడానికి తోడ్పడవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగాలి.

మూసీ దిగువన మురుగునీటితో ఆకుకూరలు పండించడం ఉప్పల్ ప్రాంతానికి కొత్త కాదు. కట్ట విప్పి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, బాగా ఉడికించాలి. మురుగును ఆపలేని అధికారులు జనానికి ఆకుకూర తినమని చెప్పడం ఏం న్యాయం?

నాచారానికి కూతవేటు దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి వచ్చింది. పిల్లల రేచీకటి నివారణకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ఇచ్చే పథకం 1970లో దేశంలో మొదలయిందంటే దాని పరిశోధనే ఆధారం. పిల్లల కళ్లకు జరిగిన మేలు తాత, అవ్వల కళ్లకు ఎందుకు జరగకూడదు? అంగన్‌వాడీలో గర్భిణికి, పిల్లలకు గుడ్డు ఇస్తున్నారు. ముసలివారి కంచంలో పచ్చడి మెతుకులే మిగులుతున్నాయి. ఇందులో ప్రభుత్వంతోపాటు ఇంటివాళ్ల తప్పూ ఉంది.

2018లో, 2023లో కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలిచ్చారు. మంచిపనే. కాని ఈ జబ్బు అద్దాలతో తీరదు. నాచారం ఈఎస్ఐ ఆస్పత్రిలో, బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగరు చూసేచోటే అరవై దాటినవారికి గళ్ల కాగితం కూడా చూపించాలి. నిమిషం పని, ఖర్చు లేదు.

ఈలోగా ఇంట్లోనే ఒక కన్ను మూసి రెండో కంటితో తలుపు చట్రాన్ని చూడండి. గీత వంకరగా కనిపించినా, నడుమ మసక మచ్చ ఉన్నా మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి. రక్తనాళాలు కారే రకమైతే వారాల్లోనే ముదురుతుంది. వేళకు చేరితే కంట్లో ఇచ్చే ఇంజక్షన్లతో చాలామందికి ఉన్న చూపు నిలబడుతోంది.