గోకు, లూఫీ కలిస్తే ఎవరు గెలిచినట్టు?

గోకు, లూఫీ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు?

ఈ ప్రశ్న అడగని పిల్లల గుంపు నాకింతవరకు కనబడలేదు. బడి బస్సులో అడుగుతారు, పుట్టినరోజు పార్టీలో అడుగుతారు. శనివారం తెలుగు క్లాసులో నేను బోర్డు మీద ఒత్తులు రాస్తుంటే వెనక వరసలో గుసగుసగా అడుగుతారు. జవాబు చెప్పేవాళ్ళకి కొదవ లేదు. కొదవ అంటే తక్కువ. అంటే, జవాబు చెప్పేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు. గోకు పక్షం వాళ్ళు ఒక మాట అంటారు, లూఫీ పక్షం వాళ్ళు రెండు మాటలు అంటారు, గంట కొట్టేసరికి ఇద్దరు స్నేహితులు మాట్లాడుకోవడం మానేస్తారు.

సరే, మీకో సంగతి చెబుతాను. వాళ్ళిద్దరూ నిజంగానే ఒక కథలో కలిశారు. వాళ్ళని పుట్టించినవాళ్ళే కలిపారు. జపాన్‌లో ‘వీక్లీ షోనెన్ జంప్’ అని ఒక వారపత్రిక ఉంది. 2006 డిసెంబరు 25న వచ్చిన దాని సంచికలో ‘క్రాస్ ఎపాక్’ అనే మాంగా కథ పడింది. ‘డ్రాగన్ బాల్’ గీసిన అకిరా తొరియామా, ‘వన్ పీస్’ గీస్తున్న ఎయిచిరో ఓడా ఇద్దరూ కలిసి గీశారు. మొత్తం ఒక్క అధ్యాయం, అంతే. ఇలా రెండు వేరు వేరు కథల్లోని పాత్రలు ఒకే కథలోకి వస్తే దాన్ని క్రాసోవర్ అంటారు. మనం ఈ పాఠంలో ‘కలయిక కథ’ అందాం.

ఇంతకీ ఆ కథలో ఏం జరుగుతుంది? డ్రాగన్ బాల్‌లో కోరికలు తీర్చే పెద్ద డ్రాగన్ షెన్‌రాన్ ఉంది కదా, అది అందరినీ టీ పార్టీకి పిలుస్తుంది. అందరూ బయలుదేరతారు. దారిలో తిప్పలు పడతారు. చివరికి చేరతారు. అయిపోయింది!

గోకు, లూఫీలలో ఎవరు గొప్పో తేల్చే యుద్ధం అందులో లేదు. డ్రాగన్ బాల్ వాళ్ళంతా ఒక వైపు, వన్ పీస్ వాళ్ళంతా ఇంకో వైపు నిలబడటం కూడా లేదు. రెండు కథల వాళ్ళనీ కలగలిపి జట్లు కట్టారు. పికొలో, జోరో ఒక జట్టు. ఇద్దరూ ముభావంగా ఉండేవాళ్ళే, నవ్వమంటే కష్టపడేవాళ్ళే. బుల్మా, నామి ఇంకో జట్టు. ఇద్దరూ తెలివిగలవాళ్ళు, ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరు ఎవరితో కలుస్తారో ఆలోచించి పెట్టారని ఇక్కడే తెలుస్తుంది.

దీన్ని చదివిన పిల్లల్లో చాలామంది నాతో అన్న మొదటి మాట: ‘ఇంతేనా?’

వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఒకటి, మరీ చిన్న కథ. డ్రాగన్ బాల్ 42 సంపుటాలు. వన్ పీస్ వంద సంపుటాలు దాటి ఇంకా నడుస్తోంది. అంత పెద్ద రెండు ప్రపంచాలు కలిస్తే ఒక్క అధ్యాయమా? నేనూ ఒప్పుకుంటాను, ఇంకో మూడు నాలుగు అధ్యాయాలు ఉంటే బాగుండేది. పాత్రలు ఎక్కువ, చోటు తక్కువ. కొంతమంది ఇలా వచ్చి అలా వెళ్ళిపోతారు. కథ అని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. ఈ మాట దాచడం ఎందుకు?

కానీ యుద్ధం లేదన్న ఫిర్యాదుని మాత్రం నేను ఒప్పుకోను.

ఎందుకో చెప్తా. ఒకడు క్రికెట్‌లో వంద పరుగులు చేశాడు. ఇంకొకడు ఫుట్‌బాల్‌లో మూడు గోల్స్ కొట్టాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కొట్టారు? వంద పెద్దది కాబట్టి మొదటివాడు అంటారా? అనరు. ఆటలు వేరు, లెక్కలు వేరు. గోకు ప్రపంచంలో బలం అంటే లోపలి శక్తి, సాధన చేస్తే పెరుగుతుంది. లూఫీ ప్రపంచంలో ఒక వింత పండు తింటే ఒళ్ళు రబ్బరులా సాగుతుంది, కానీ సముద్రంలో పడితే ఈత రాదు. ఈ రెండింటినీ తూచే తక్కెడ ఒకటి లేదు.

దీనికి తొరియామాయే ఎప్పుడో ఒక సరదా రుజువు చూపించారు. డ్రాగన్ బాల్ కంటే ముందు ఆయన ‘డాక్టర్ స్లంప్’ అనే హాస్య మాంగా గీశారు. అందులో అరాలే అనే రోబో అమ్మాయి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని గలగలా నవ్వుతూ తిరుగుతుంది. డ్రాగన్ బాల్‌లో చిన్నప్పటి గోకు ఒక శత్రువుని తరుముతూ ఆ అరాలే ఉండే పెంగ్విన్ విలేజ్‌కి వెళ్తాడు. గోకుని అంత తిప్పలు పెట్టిన ఆ శత్రువుని అరాలే ఆటలాడుకుంటున్నట్టు ఎగరగొట్టేస్తుంది. ఎందుకంటే అది హాస్య ప్రపంచం. అక్కడ నవ్వు పుట్టించేదానికే బలం ఎక్కువ. మరి అరాలే గోకు కంటే గొప్ప వీరురాలా? ఆ ప్రశ్నే తప్పు.

ఎవరు గెలుస్తారో చూడాల్సిందే అంటే దానికి వీడియో గేమ్‌లు ఉన్నాయి. 2019లో ‘జంప్ ఫోర్స్’ అని ఒకటి వచ్చింది. గోకు, లూఫీ, నరుటో అందరూ అందులో కొట్టుకుంటారు. నువ్వు బటన్లు బాగా నొక్కితే లూఫీ గెలుస్తాడు. మీ చెల్లి ఇంకా బాగా నొక్కితే గోకు గెలుస్తాడు. తేలింది ఏమిటి? మీ చెల్లి వేళ్ళు చురుకైనవని!

ఇప్పుడు ఇంకో ఫిర్యాదు. ఇదే అన్నిటికంటే బలమైనది. ‘అది అసలు కథలో భాగం కాదు కదా, లెక్కలోకి రాదు’ అంటారు. లెక్కలోకి రావడం అంటే నిజంగా జరిగినట్టు ఒప్పుకోవడం. క్రాస్ ఎపాక్‌లో జరిగింది ఏదీ డ్రాగన్ బాల్‌లో ఎవరికీ గుర్తుండదు, వన్ పీస్‌లోనూ గుర్తుండదు. అందుకని అది ఉత్తిదే అని కొట్టిపారేస్తారు.

ఇక్కడ కాసేపు ఆగి మీ ఇంట్లో ఉన్న కథల వైపు చూడండి.

మహాభారతంలో అరణ్యపర్వం ఉంది. ద్రౌపదికి సౌగంధిక పువ్వు కావాలి. భీముడు వెతుక్కుంటూ కొండల్లోకి పోతాడు. దారికి అడ్డంగా ఒక ముసలి కోతి పడుకుని ఉంటుంది. తోక తీసి పక్కన పెట్టు అంటాడు భీముడు. నువ్వే పెట్టుకో నాయనా, నాకు ఓపిక లేదు అంటుంది కోతి. భీముడు ఒక చేత్తో లాగాడు, రెండు చేతులతో లాగాడు, తోక కదల్లేదు. ఆ కోతి హనుమంతుడు. రామాయణం హీరో మహాభారతంలోకి వచ్చేశాడు! ఇంతకంటే కలయిక కథ ఏం కావాలి? గమనించండి, వాళ్ళూ కొట్టుకోలేదు. ఇద్దరూ వాయుదేవుడి కొడుకులే, అన్నదమ్ములు. చివర్లో కౌగిలించుకుంటారు. రామాయణం అయిపోయింది కదా, హనుమంతుడు ఇక్కడ ఎందుకు, ఇది లెక్కలోకి రాదు అని మీ అమ్మమ్మతో అని చూడండి. ఏమంటుందో వినండి.

ఇంకా గట్టి ఉదాహరణ కావాలా? ‘మాయాబజార్’ సినిమా 1957లో వచ్చింది. మీ ఇంట్లో ఎవరో ఒకరు మీ చేత కూడా చూపించే ఉంటారు. శశిరేఖ పెళ్ళి కోసం ఘటోత్కచుడు ఆడిన ఆ నాటకమంతా వ్యాసుడి భారతంలో లేదు. అయినా మనవాళ్ళలో ఎవరూ దాన్ని ఉత్తిది అనరు. ఎందుకు? తరాల తరబడి చెప్పుకున్నారు, చూశారు, నవ్వుకున్నారు. కథ లెక్కలోకి వచ్చేది రాసినవాడు ముద్ర వేసినందుకు కాదు, విన్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరికి చెప్పినందుకు అని నా అభిప్రాయం. ఇది మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఎందుకో తెలుగులో చెప్పండి, నాకు అదే చాలు.

‘ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అని మన సామెత. ఒర అంటే కత్తిని పెట్టుకునే తొడుగు. ఇద్దరు పెద్ద హీరోలని ఒకే కథలో పెట్టడం కష్టమని దీన్ని సినిమావాళ్ళు తరచు వాడతారు. ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ సినిమా సంగతే చూడండి. కృష్ణుడిగా ఎన్టీఆర్, అర్జునుడిగా ఏఎన్నార్. అప్పట్లో ఇద్దరికీ కుప్పలు తెప్పలుగా అభిమానులు. ఎవరిని ఓడించినా సగం హాలు లేచిపోతుంది. అదృష్టం ఏమిటంటే కథలోనే దారి ఉంది. ఆ యుద్ధం ఎవరూ ఓడిపోకుండానే ఆగిపోతుంది. తొరియామా, ఓడా మీ తాతయ్యల సినిమా చూసి ఉంటారని నేను అనను. కానీ వాళ్ళకి వచ్చిన చిక్కు మాత్రం అదే. వాళ్ళు యుద్ధం మొదలుపెట్టకుండానే తప్పించుకున్నారు. టీ పార్టీ పెట్టేశారు. గోకు, లూఫీ ఇద్దరూ పేరుమోసిన తిండిపోతులు, ఎదురుగా పళ్ళేలు పెడితే ఇంక కొట్టుకోడానికి తీరిక ఎక్కడిది?

కలయిక కథలన్నీ మంచివే అని మాత్రం అనుకోకండి. చాలావాటిని అమ్మకాల కోసమే చేస్తారు. రెండు పేర్లు అట్ట మీద పెడితే రెండు కథల అభిమానులూ కొంటారు, అంతే లెక్క. డ్రాగన్ బాల్, వన్ పీస్ రెండూ షూయేషా అనే ఒకే ప్రచురణ సంస్థవి కాబట్టి కలపడం తేలికైంది. 2011లో ‘తొరికో’, ‘వన్ పీస్’ కలిపి ఒక కథ వచ్చింది. 2013 ఏప్రిల్‌లో గోకు, లూఫీ, తొరికో ముగ్గురినీ కలిపి టీవీలో గంటసేపు వేశారు. బాగా సందడిగా ఉంది, పెద్ద పెద్ద దెబ్బలు ఉన్నాయి. నాకు మాత్రం అది కలగూరగంప అనిపించింది. అన్ని కూరలూ ఒక గంపలో పడేసినట్టు, ఏ రుచీ విడిగా తెలియలేదు. మా క్లాసులో చాలామందికి అదే ఎక్కువ నచ్చింది. సరే, నచ్చనివ్వండి.

మరి క్రాస్ ఎపాక్ ఎందుకు వేరు? నాకైతే గీతల వల్ల. దొరికితే పుస్తకం దగ్గర పెట్టుకుని చూడండి. మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి, అది మీకు నాకంటే బాగా తెలుసు. తొరియామా గీత శుభ్రంగా, పొదుపుగా ఉంటుంది. నాలుగు గీతల్లో మనిషి నిలబడిపోతాడు. బండ్లు, విమానాలు, యంత్రాలు అంటే ఆయనకి ప్రాణం. ఓడా గీత దీనికి ఎదురు. పెట్టె నిండా జనం, చెవులదాకా సాగిన నవ్వులు, పొడుగు కాళ్ళు, ఒక్క మూల ఖాళీ ఉంచడు. ఒకే పేజీ మీద ఆ రెండు చేతులూ పనిచేశాయి. ఎవరి పాత్ర ఎవరి గీతో వెతకడం మొదలుపెడితే ఆ ఒక్క అధ్యాయానికే మీకు ఒక సాయంత్రం పడుతుంది. మరీ చిన్నదన్న ఫిర్యాదు అప్పుడు కొంచెం తగ్గుతుంది.

వీళ్ళిద్దరి వయసులు కూడా చూడండి. డ్రాగన్ బాల్ 1984లో మొదలైంది. అప్పటికి ఓడాకి తొమ్మిదేళ్ళు, అంటే దాదాపు మీ వయసు. ఆ కథ 1995లో అయిపోయింది. వన్ పీస్ 1997లో మొదలైంది. అంటే ఆ రెండు కథలూ ఒకే పత్రికలో వచ్చినా, ఒక్క వారం కూడా పక్కపక్కన నడవలేదు. చిన్నప్పుడు ఎవరి బొమ్మలు చూసి పెరిగాడో, ఆయనతో కలిసి 31 ఏళ్ళకి ఓడా బొమ్మ గీశాడు. గోకు గెలిచాడా లూఫీ గెలిచాడా అని మనం కొట్టుకుంటున్నాం గాని, ఆ రోజు ఓడా ముఖం ఎలా ఉండి ఉంటుందో ఎవరూ అడగరేం?

2024 మార్చి 1న తొరియామా చనిపోయారు, 68 ఏళ్ళ వయసులో. ఆ వార్త వచ్చినప్పుడు ఓడా ఆయన గురించి నివాళి రాశారు. చనిపోయిన పెద్దలని గౌరవంగా తలుచుకోవడాన్ని నివాళి అంటారు. ఇకమీద డ్రాగన్ బాల్ కొత్త కథలు రావచ్చు, వన్ పీస్‌తో మళ్ళీ కలపవచ్చు కూడా, బాగానే గీస్తారేమో. కానీ ఆ రెండు చేతులూ కలిసి ఒక పేజీ గీయడం ఇక జరగదు. అందుకే ‘లెక్కలోకి రాదు’ అన్న మాట వింటే నాకు కొంచెం కోపం వస్తుంది.

ఇప్పుడు మీ వంతు. మీకిష్టమైన రెండు కథలు తీసుకోండి. మాంగా కావచ్చు, సినిమా కావచ్చు, అమ్మమ్మ చెప్పినవీ కావచ్చు. ఒక్కో కథ నుంచి ఇద్దరిని పట్టుకొచ్చి, వాళ్ళు ఎక్కడ కలుస్తారో, ఎవరికి ఎవరితో కుదురుతుందో పదిహేను వాక్యాల్లో రాయండి. ఎవరు గెలిచారో మాత్రం రాయకూడదు. వాళ్ళకి ఆకలేస్తే ఏం పెడతారో తప్పకుండా రాయాలి.