చక్రాల ఇల్లు సరే, ఆగేదెక్కడ?

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 రాత్రి చెన్నపట్నం వదిలి కాశీకి బయల్దేరినప్పుడు మొదట చేరింది మన మాధవరమే. బోయీలు, డేరాలు, వంటసామాను అన్నీ వెంటే. దారిలో ఏ ఊళ్లో సత్రం ఉంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి అని రాసుకుంటూ పోయారాయన. రాయడానికి అవన్నీ ఉండేవి మరి.

మా మోటారు ఇంట్లో మంచాలు, స్టవ్వు, కక్కసు ఉన్నాయి. సూళ్లూరుపేట దగ్గర తలుపు తీసిపెట్టుకుని అమ్మ దోసెలు పోస్తుంటే ఏ హోటలూ గుర్తురాదు. కానీ రాత్రికి ఆగేదెక్కడ? పెట్రోలు బంకులో పొమ్మంటారు. కల్యాణమండపం వాచ్‌మన్ అయితే సినిమావాళ్ల బండి అనుకుని ముందు సంబరపడి, తర్వాత పొమ్మంటాడు. మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోటు అడిగితే నవ్వుతారు. రోడ్డుపక్కన వదిలేయమని సలహా కూడా ఇస్తారు, ఆ పని మేం చెయ్యం.

మాధవరంలో బస్సులకు 2018 నుంచి పెద్ద స్టాండుంది, లారీలకూ చోటుంది. "డబ్బెక్కువై కొన్నారు, హోటల్లో దిగొచ్చుగా" అనేది మన బంధువులే. మా అవ్వ రాత్రి నాలుగుసార్లు లేస్తుంది. ఆ హోటలు మెట్లు ఆమెను ఎవరు ఎక్కిస్తారు, మీరొస్తారా?

ఒకప్పుడు బాటసారులకు సత్రాలు కట్టించిన జాతి మనది. ఇప్పుడు మన సంఘాలకు చందా అంటే ఏసీ హాలే. నెల్లూరు దారిలో ఒక చెట్టునీడ, ఒక కుళాయి, ఒక మురుగుగుంత, ఒక కరెంటు ప్లగ్గు చాలు. ఊరికే వద్దు, అద్దె ఇస్తాం.