గని మూశారు, గుట్టలు వదిలేశారు

కేజీఎఫ్ అనగానే క్లాసులో పిల్లలు సినిమా డైలాగులు అందుకుంటారు. నేను సైనైడ్ గుట్టల గురించి చెబుతాను.

మన చిత్తూరు సరిహద్దు పక్కనే కోలార్ బంగారు గనులు. మూడు కిలోమీటర్ల లోతుకు దిగినవాళ్లలో ఎక్కువమంది దళితులు, తమిళులు, తెలుగువాళ్లు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. మూసివేతకు ప్రణాళిక ఉండాలన్న నిబంధన వచ్చింది 2003లో! (ఎవరికి కలిసొచ్చిందో చెప్పాలా?) షాఫ్టుల్లో నీళ్లు నిండాయి. బంగారం తీశాక మిగిలిన పిండిమట్టి గుట్టలుగా ఉండిపోయింది. గాలొస్తే ఆ దుమ్మంతా కార్మికుల కాలనీల్లోకే. పైన మంచి మట్టి కప్పి గడ్డి పెంచితే అణుగుతుంది, అదేమంత బ్రహ్మవిద్య కాదు.

2024లో కర్ణాటక మంత్రివర్గానికి 13 గుట్టలు గుర్తొచ్చాయి, మిగిలిన బంగారం కోసం. ఆ డబ్బులో మొదటి వాటా ఆ కాలనీల నేలకు, ఊపిరికి, ఇళ్ల పట్టాలకు దక్కాలి. ఆ షరతు రాయకుండా టెండర్ పిలవకూడదు.