పార్కుకు హద్దులు సరే, నాచుకు హద్దులేవి?

తమిళనాడులో తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా మన్నార్ సింధుశాఖలో వరుసగా 21 చిన్న దీవులున్నాయి. వాటితోపాటు చుట్టూ ఉన్న నిస్సార జలాలను కలిపి 560 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. 117 రకాల పగడాలు, అరుదైపోయిన సముద్రపు ఆవులు, తాబేళ్లు, సముద్రపు గుర్రాలు ఇక్కడ ఆశ్రయం పొందుతున్నాయి. సున్నపు బట్టీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు దశాబ్దాల తరబడి పగడపు రాళ్లను తరలించిన ఫలితంగా ఈ దీవుల్లో రెండు నీట మునిగాయి. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చిన తర్వాతగాని ఆ తవ్వకాలకు గట్టి అడ్డుకట్ట పడలేదు. ఆ మేరకు చట్టం మేలు చేసిందనడంలో సందేహం లేదు.

అయితే అదే చట్టం తీరంలోని మత్స్యకార స్త్రీల పాలిట మరోలా పరిణమించింది. దీవుల చుట్టూ మునకలు వేసి, రాళ్లకు పట్టిన నాచును చేత్తో సేకరించి, ఎండబెట్టి అగర్ తయారీదారులకు అమ్ముకుని బతికేవారు వీరు. నెలకు 12 రోజులకు మించి సేకరించరాదని తమకు తామే కట్టుబాటు విధించుకున్నారు. అయినా అనుమతి లేకుండా పార్కులో అడుగుపెట్టరాదు కనుక చట్టం దృష్టిలో వారు చొరబాటుదారులే!

వారికి ప్రత్యామ్నాయంగా చూపిన ఉపాధి కప్పాఫైకస్ నాచు సాగు. ఇది మన సముద్రాలది కాదు, ఫిలిప్పీన్స్ ప్రాంతానికి చెందినది. ఐస్‌క్రీములను, టూత్‌పేస్టులను చిక్కబరిచే పదార్థం దీని నుంచి లభిస్తుంది. 1990 దశకంలో మండపం వద్ద ప్రయోగాలు జరిగాయి. ఆ తర్వాత పెప్సీ సంస్థ ప్రవేశంతో వాణిజ్య సాగు మొదలయింది. వెదురు తెప్పలకు కట్టిన నాచు 45 రోజుల్లో కోతకు వస్తుంది. పేద కుటుంబాలకు దానివల్ల నాలుగు డబ్బులు చేతికందిన మాట వాస్తవం.

కాని తెప్ప నుంచి తెగిన చిన్న ముక్క సైతం ఎక్కడ తగులుకుంటే అక్కడ పెరగడం ఈ నాచు స్వభావం. కురుసడై దీవి వద్ద ఇది పగడాలపై దుప్పటిలా పరుచుకున్నదని 2008లోనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వెలుతురు అందక కింది పగడం చచ్చిపోతుంది. అటవీ సిబ్బంది పీకివేసినా మిగిలిన తునక మళ్లీ చిగురిస్తుంది. ముప్పు పరిమితమేనని వాదించే శాస్త్రజ్ఞులూ లేకపోలేదు. అయితే 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారి పెద్దయెత్తున నశించాయి. ఆ వేడిని ఆపడం ఒక్క ప్రభుత్వం వల్ల అయ్యే పని కాదు. ఈ నాచును ఆపడం అవుతుంది.

ఇక్కడే విడ్డూరం ఉంది. స్థానిక నాచును చేత్తో కోసే స్త్రీకి హద్దులు గీసిన ప్రభుత్వాలే విదేశీ నాచుకు రాయితీలతో స్వాగతం పలుకుతున్నాయి. 2021 కేంద్ర బడ్జెట్లో ప్రకటించిన నాచు పార్కుకు 2023లో ఇదే తీరాన, రామనాథపురం జిల్లాలో శంకుస్థాపన జరిగింది. ఉపాధి అవసరాన్ని ఎవరూ కాదనరు. ఆ పార్కు మొట్టమొదట చేపట్టవలసింది స్థానిక జాతుల విత్తన నాచును పెంచి సాగుదారులకు అందించే పని. దీవుల దరిదాపుల్లో కప్పాఫైకస్ తెప్పలను అనుమతించరాదు. పగడాలపై చేరిన ముక్కలను ఏరివేసే పనికి కూలి చెల్లించి ఈ స్త్రీలనే నియమించాలి. నీటి అడుగున ఏ రాయి ఎక్కడున్నదో వారికి తెలిసినంతగా కార్యాలయాల్లోని అధికారులకు తెలియదు.