తుపాకీ గేములూ, వీపు విమానం మోతలూ

2022 జూన్‌లో లక్నోలో ఓ పదహారేళ్ళ కుర్రాడు కన్నతల్లిని కాల్చి చంపాడు. పబ్జీ ఆడొద్దని మందలించినందుకే ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. ఇక చూస్కోండి, ఒకటే గోల. గేములు పిల్లల్ని రాక్షసుల్ని చేస్తున్నాయి, నిషేధించండి, ఫోన్లు లాక్కోండి... సరే, అలాంటి వార్త విన్నప్పుడు ఎవరైనా ఏదో ఒకటి అంటారు. కానీ వాడు కాల్చింది తండ్రి లైసెన్సు పిస్తోలుతో. గుళ్ళతో సహా ఆ పిస్తోలు పిల్లాడి చేతికి ఎలా అందింది అని అడిగినవాళ్ళు మీకెంతమంది కనపడ్డారు? గేము పేరు మాత్రం గేము మొహం చూడని వాళ్ళక్కూడా కంఠతా వచ్చేసింది.

ఈ విషయం మీద నాకు చాన్నాళ్ళుగా ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే ఈ భయం భయంగానే ఆగిపోవట్లేదు. "ఆ దిక్కుమాలిన గేములాడి కొట్టడం నేర్చుకుంటున్నాడు" అంటూ తండ్రి పిల్లాడి వీపు విమానం మోత మోగిస్తాడు. ఇలాంటి ఇల్లు తెలియని తెలుగువాడుంటే చేతులెత్తండి. కొట్టడం వాడు ఎక్కడ నేర్చుకుంటున్నాడో ఆ క్షణంలో గదిలో ఉన్న అందరికీ కనపడుతూనే ఉంటుంది, ఒక్క కొడుతున్నాయనకి తప్ప.

ఈ భయం కొత్తదేం కాదు. 1976లో అమెరికాలో డెత్ రేస్ అని ఓ ఆర్కేడ్ గేము వచ్చింది. కారుతో పుల్లల్లాంటి బొమ్మల్ని గుద్దాలి, అంతే. అప్పటి గ్రాఫిక్స్‌లో అవి మనుషులో దెయ్యాలో కూడా సరిగ్గా తెలీదు. దానికే నానా యాగీ అయింది. 1993లో మోర్టల్ కాంబాట్ మీద వాళ్ళ సెనేట్‌లో విచారణ జరిపారు, దాని ఫలితంగా 1994లో గేములకి వయసు రేటింగులు వచ్చాయి (ఇదొక్కటీ మంచి పని). 1999లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగితే డూమ్ అనే గేము దోషి. 2012లో శాండీ హుక్ స్కూల్లో పిల్లల్ని కాల్చి చంపినవాడి గురించీ ఇదే మాటన్నారు. తీరా మరుసటేడు అధికారిక నివేదిక వస్తే అందులో ఏముంది? వాడి ఇంట్లో తుపాకీ గేములున్న మాట నిజమే, కానీ వాడు బయటికెళ్ళి గంటలు గంటలు ఆడింది డాన్స్ డాన్స్ రెవల్యూషన్. పాటకి తగ్గట్టు కింద బాణం గుర్తుల మీద కాళ్ళేసి గెంతే గేమండీ అది! ఆ లెక్కన డాన్స్ మాస్టర్లందరినీ అరెస్టు చెయ్యాలి.

సరే, వెటకారం పక్కన పెడదాం. పరిశోధనలు ఏమంటున్నాయి? ఇక్కడ రెండు వర్గాలున్నాయి, రెండింటి మాటా చెప్తాను. గేములకీ దుడుకుతనానికీ సంబంధం ఉందనే వాళ్ళ దగ్గర బలమైన కాగితం 2018లో ప్రెస్కాట్, సార్జెంట్, హల్ అనే ముగ్గురు వేసినది. 24 అధ్యయనాలు, 17 వేల పైచిలుకు పిల్లలు. హింసాత్మక గేములు ఎక్కువ ఆడినవాళ్ళలో తర్వాత్తర్వాత కొట్టుకోవడం కాస్త పెరిగిందని తేల్చారు. ఎంత కాస్త? పిల్లల ప్రవర్తనలో తేడాలన్నీ వంద పాళ్ళనుకుంటే, దీని వాటా ఒక పాలు, అటూఇటూ. మిగతా తొంభై తొమ్మిదీ ఇల్లు, బడి, స్నేహితులు, స్వభావం, ఇంకా సవాలక్ష. ఒక్క పాలు గురించి తొంభై తొమ్మిది పాళ్ళ చర్చ ఏంటో నాకర్థం కాదు.

రెండో వైపు చూస్తే, 2019లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన ప్రిబిల్స్కీ, కార్డిఫ్‌కి చెందిన వైన్‌స్టీన్ కలిసి 14-15 ఏళ్ళ 1004 మంది బ్రిటిష్ పిల్లల్ని పరిశీలించారు. ఇందులో నాకు నచ్చింది పద్ధతి. లెక్క ఎలా వెయ్యబోతున్నారో ముందే బహిరంగంగా రాసిపెట్టారు, అంటే అంకెలొచ్చాక తమకి కావలసినట్టు వంచుకునే వీలు లేదు. గేములో ఎంత హింస ఉందో పిల్లాణ్ణి అడక్కుండా అధికారిక రేటింగు చూశారు. పిల్లాడి దుడుకుతనం గురించి వాణ్ణి కాకుండా తల్లిదండ్రుల్ని అడిగారు. సంబంధమేమీ కనపడలేదు.

మరి పాత ప్రయోగాల్లో కనపడిందేంటి అంటారా? దుడుకుతనాన్ని వాళ్ళు ఎలా కొలిచారో తెలిస్తే నవ్వొస్తుంది. గేము ఆడించాక ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్నవాడికి కారం పడదు, వాడు తినే దాంట్లో ఈ కారం సాసు ఎంత వేస్తావో వెయ్యి అంటారు. లేకపోతే పక్కవాడి చెవిలో ఎంత పెద్ద మోత మోగిస్తావో నువ్వే ఎంచుకో అంటారు. కాస్త ఎక్కువ కారం వేస్తే దుడుకుతనం పెరిగినట్టు! గుంటూరులో ఈ ప్రయోగం చేసి ఉంటే ఊరంతా హంతకులని తేలేది :) అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా 2020లో తన పాత తీర్మానాన్ని సవరించుకుని, అరవడం, తోయడం లాంటి వాటితో చిన్నపాటి సంబంధం ఉందిగానీ నిజమైన హింసకి గేములే కారణమనడానికి తగిన ఆధారం లేదని తేల్చేసింది.

"అదంతా మాకెందుకు, మావాడు గేము ఆడి లేచాక అరుస్తున్నాడు, ఫోన్ విసిరేస్తున్నాడు, దానికేమంటావ్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు గేము నిర్మాణంలో ఉంది. పబ్జీ లాంటి వాటిలో పాజ్ బటన్ ఉండదు. వందమంది ఒకే సర్వర్లో ఆడుతుంటే ఒకడి కోసం ఆట ఆగదు. ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. నలుగురి టీములో మీవాడు ఒకడు. ఇరవై ఎనిమిదో నిమిషంలో మీరొచ్చి ఫోన్ లాక్కుంటే, స్నేహితుల ముందు వాడి పరువు పోతుంది, వాళ్ళ చేత తిట్లు తింటాడు. అరవడా మరి? మన వీధి క్రికెట్లో ఔటిస్తే బ్యాటు తీసుకుని ఇంటికెళ్ళిపోయే బ్యాటు ఓనర్లు లేరా? అక్కడ తుపాకీ ఎవరు పేల్చారు? అడాచీ, విలోబీ అనే ఇద్దరు 2011లో దీన్నే పరీక్షించారు. హింసలో సమానంగా ఉన్న ఆటల్ని, పోటీలో సమానంగా ఉన్న ఆటల్ని విడివిడిగా ఆడించి చూస్తే, ఆడేవాళ్ళని రెచ్చగొట్టేది పోటీ అని తేలింది. కాబట్టి "ఈ మ్యాచ్ అయ్యాక ఆపెయ్" అనండి, "ఇప్పుడే ఆపెయ్" అనకండి. సగం యుద్ధాలు అక్కడే ఆగుతాయి.

ఇంకో సంగతి. హింస చూస్తే పిల్లలు చెడిపోతారనేది నిజమైతే మన అమ్మమ్మలందర్నీ బోనెక్కించాలి. హిరణ్యకశిపుడి పొట్ట చీల్చి పేగులు మెళ్ళో వేసుకున్న నరసింహస్వామి కథ విని నిద్రపోని పిల్లాడు మన ఊళ్ళలో ఉన్నాడా? దుశ్శాసనుడి రొమ్ము చీల్చి భీముడు రక్తం తాగిన కథ? 2011లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇలాగే వాదించింది. పిల్లలకి హింసాత్మక గేములు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 7-2తో కొట్టేస్తూ, జస్టిస్ స్కాలియా గ్రిమ్ సోదరుల కథల్ని గుర్తుచేశాడు. మంత్రగత్తెని పొయ్యిలోకి తోసేసే కథలు పిల్లలకే కదా చెప్తున్నాం అని. ఇక 1999లో సమరసింహారెడ్డి వచ్చినప్పట్నుంచీ మొదలైన కత్తులు, సుమోలు, తొడలు కొట్టడాలు కుటుంబ సమేతంగా చూసిన జాతి మనది. పండక్కి టీవీలో అవే వేస్తారు, నట్టింట్లో కూర్చుని పకోడీలు తింటూ చూస్తాం. అదే పిల్లాడు ఫోన్లో తుపాకీ పేలిస్తే సమాజం పాడైపోతుంది! అలాగని ఆరేళ్ళ పిల్లాడి చేతికి జీటీఏ ఇమ్మని నేననట్లేదు. దాని మీద 18 ఏళ్ళు నిండినవాళ్ళకి అని అంత పెద్దగా రాసి ఉంటుంది. చదవాల్సింది కొనిచ్చేవాళ్ళు.

ఇప్పుడు విమానం మోత దగ్గరికి వద్దాం. పిల్లల్ని కొట్టడం గురించి 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అని ఇద్దరు 75 అధ్యయనాల్ని, 1,60,927 మంది పిల్లల వివరాల్ని గుదిగుచ్చారు. బెల్టులూ కర్రలూ కూడా కాదు, ఊరికే చేత్తో కొట్టడం. దెబ్బలు తిన్న పిల్లల్లో దుడుకుతనం ఎక్కువ, మొండితనం ఎక్కువ, మానసిక సమస్యలు ఎక్కువ. ఇది కూడా సంబంధమే కానీ ఇదే కారణమని రుజువు కాదు అంటారేమో, ఒప్పుకుంటా. కానీ గేముల విషయంలో అంతకన్నా చిన్న అంకె పట్టుకుని ఊరేగుతున్నవాళ్ళు ఈ అంకె దగ్గర ఎందుకు నోరు మెదపరు? బడిలో కొట్టడం 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. ఆ చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా "నాలుగు తగిలించండి మాస్టారూ, అప్పుడుగానీ దార్లోకి రాడు" అని మన పెద్దవాళ్ళే బడికెళ్ళి చెప్పొస్తారు.

ప్రభుత్వాల తీరూ ఇలాగే ఉంది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆడుతున్నారని కుర్రాళ్ళని అరెస్టు చేశారు. ఫోన్లో బొమ్మ తుపాకీ పేల్చినందుకు నిజం పోలీసులు! 2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్జీని ఎత్తేసింది, కానీ హింస వల్ల కాదు. చైనాతో గొడవల నడుమ, దేశ భద్రత పేరుతో 118 యాప్‌లు తీసేస్తే అందులో ఇదొకటి.

ఇక నన్ను నిజంగా భయపెట్టే విషయం. నేను గేములు తయారుచెయ్యను గానీ, యాప్‌లు రాసే ఎవడికైనా రిటెన్షన్ అనే మాట తెలుసు. ఇవ్వాళ వచ్చినవాడు రేపొస్తున్నాడా, వారానికి మళ్ళీ వస్తున్నాడా అనే లెక్క. రోజూ లాగినైతే బహుమతి, ఒక్కరోజు మానేస్తే వరస తెగిపోతుంది. సీజన్ పాస్ కొంటే గడువులోగా ఆడి తీరాలి, లేకపోతే డబ్బు దండగ. ఇంక డబ్బాలు. డబ్బు పెట్టి డబ్బా తెరిస్తే అందులో ఏమొస్తుందో తెలీదు, తొంభై సార్లు చెత్తే వస్తుంది, ఒకసారి తుపాకీకి మెరిసే రంగు వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని గింజ కోసం పావురాలు మీట నొక్కుతూనే ఉంటాయని స్కిన్నర్ ఎప్పుడో చూపించాడు. పేకాట క్లబ్బుకీ దీనికీ తేడా ఏంటంటే క్లబ్బులోకి పన్నెండేళ్ళవాణ్ణి రానివ్వరు. బెల్జియం 2018లోనే వీటిని జూదం కింద లెక్కగట్టింది. మన దేశం 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేముల చట్టం చేసింది, సంతోషం. కానీ దాని గురి డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీద. ఇక్కడ గెలిచేది తుపాకీకి రంగు కదా.

2021 జులైలో పబ్జీ కొత్త పేరుతో, బీజీఎంఐగా తిరిగొచ్చినప్పుడు పిల్లల కోసం జాగ్రత్తలు తీసుకున్నామని కంపెనీ చెప్పింది. రక్తం ఎర్రగా ఉంటే చెడిపోతారని ఆకుపచ్చగా మార్చారు. 18 ఏళ్ళలోపు వాళ్ళు రోజుకి మూడు గంటలే ఆడాలన్నారు. ఖర్చుకీ హద్దు పెట్టారు, రోజుకి 7000 రూపాయలు. రక్తం రంగు గురించి అందరూ మాట్లాడుకున్నారు. ఏడువేల గురించి ఒక్కళ్ళూ మాట్లాడినట్టు నేను వినలేదు. నెలకి రెండు లక్షల పదివేలండీ. ఆ డబ్బు సంపాదించడానికి నా మొదటి ఉద్యోగంలో నాకు ఎనిమిది నెలలు పట్టింది.