కొత్త పంతులమ్మ చదువు

తెలంగాణలో 2024 డీఎస్సీకి ఎంపికైనవారూ, ఆంధ్రప్రదేశ్‌లో మరుసటి ఏడాది మెగా డీఎస్సీకి ఎంపికైనవారూ దసరా దాటాకే బడుల్లో అడుగుపెట్టారు. బడులు తెరిచేది జూన్‌లో. అంటే తొలి ఉద్యోగం, తొలి తరగతి, అదీ విద్యాసంవత్సరం నడిమధ్యలో. అప్పటికే పిల్లలు మరో టీచరు గొంతుకు అలవాటుపడి ఉంటారు, లేదా టీచరే లేకపోవడానికి అలవాటుపడి ఉంటారు. బదిలీల్లో సీనియర్లు కోరుకోగా మిగిలిన ఊళ్లే సాధారణంగా కొత్తవారికి దక్కుతాయి. ఎంతో అనుభవం కావలసిన బడికి అనుభవం లేని అమ్మాయి వెళ్తుంది. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే ఒకటి నుంచి ఐదు వరకూ అన్ని తరగతులూ ఆమెవే. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోనులో హాజరు నమోదు కూడా ఆమెవే.

ఇంత పని మీద పడినా కొందరు పైచదువు మానడం లేదు. రెగ్యులర్‌ ఎం.ఎడ్‌. అంటే రెండేళ్లు కాలేజీకి వెళ్లాలి. జీతం వదులుకోలేనివారు ఇగ్నో వంటి చోట దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్‌లో చేరుతున్నారు. పగలంతా పిల్లలతో గడిపి, రాత్రి వంట అయ్యాక అసైన్‌మెంట్లు రాస్తారు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో వస్తాయి. జూన్‌లో ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పించే పని కూడా ఉంటుంది.

ప్రమోషన్‌ కోసమే కదా అనేవారున్నారు. అయితే మాత్రం తప్పేముంది? కానీ తొలి ఏడాదిలో ఆ పుస్తకాలు చేసే మేలు వేరే ఉంది. పిల్లవాడు సొంతంగా చేయగలిగినదానికీ, తెలిసినవాళ్లు కాస్త చేయందిస్తే చేయగలిగినదానికీ మధ్యనున్న జాగాలోనే నేర్చుకోవడం జరుగుతుందన్నాడు రష్యన్‌ మనోవైజ్ఞానికుడు వైగాట్‌స్కీ. డీఎడ్‌లో అది మార్కుల కోసం బట్టీ పట్టిన మాట. ఇప్పుడు ఆమె కళ్లముందే నాలుగో తరగతి పిల్ల ఒకతి, పక్కన కూర్చున్న రెండో తరగతి తమ్ముడికి చింతగింజలతో తీసివేత చూపిస్తుంది. టీచరు మూడు రోజులు చెప్పినా అందనిది వాడికి అక్క చెప్పగానే అందుతుంది. ఆ రాత్రి అదే పేజీ మళ్లీ తీసి చదివితే, ఆ మాటలో పిల్లల ముఖాలు కనిపిస్తాయి. పుస్తకం చేయివదిలేసే చోటూ ఉంది. పీరియడ్‌కి ఒక పాఠ్యప్రణాళిక, గదికి ఒకే తరగతి అన్న లెక్క ఆమె గదిలో చెల్లదు. ఇంట్లో గోండో కోయో మాట్లాడే పిల్ల వారమంతా నోరు విప్పకుండా కూర్చుంటే ఏం చేయాలో ఆ పుస్తకంలో ఎక్కడా దొరకదు.

పాఠాలు చెబుతూ చదువుకోవడం ఈనాటి సంగతి కాదు. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరేనాటికి చదివింది మెట్రిక్యులేషనే. పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్‌.ఏ., 1896లో బి.ఏ. ప్యాసయ్యారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకు బడులు నడిపారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. ఆ పోరాటానికి ముందున్న మాస్టారిని, పాఠం చెబుతూ పరీక్షకు కూర్చున్న మాస్టారిని ఇంకాస్త ఎక్కువగా తలుచుకోవాలనిపిస్తుంది. నోరు విప్పని పిల్లకు ఏం చేయాలో ఆయన డిగ్రీ పుస్తకాల్లోనూ లేదు. ఆ పిల్లల భాష నేర్చుకుని తెలుసుకున్నారు.

ఆయనకున్నంత ఓపిక అందరికీ ఉండాలనడం అన్యాయం. ఈనాటి టీచరుకు కాస్త ఆసరా అందించడం మాత్రం మన చేతిలో ఉంది. ఆమె బడికీ ఆమె విశ్వవిద్యాలయానికీ మధ్య మాటల్లేవు. ఇప్పటికే పాఠం చెబుతున్న విద్యార్థిని తన తరగతి గురించి, తన పిల్లల గురించి రాస్తే దాన్నే అసైన్‌మెంటుగా తీసుకోవచ్చు. స్కూల్‌ కాంప్లెక్స్‌ సమావేశాల్లో సర్క్యులర్లు చదివే సమయంలోంచి ఒక గంట కొత్తవారి సందేహాలకు కేటాయించవచ్చు. పక్క ఊరి సీనియర్‌ టీచరు నెలకోసారి వచ్చి, ఒక పూట ఆమె తరగతిలో కూర్చుని, చూసింది మాట్లాడి వెళ్లే ఏర్పాటు చేయవచ్చు. డిసెంబరులో ఆమె పరీక్ష రాసే రోజుల్లో బడికి తాళం పడకుండా ఇంకో టీచరును పంపే బాధ్యత మండల విద్యాధికారిది. ఆ సెలవు అడగడానికి ఆమె భయపడే పరిస్థితి ఉండకూడదు.